ఆరోగ్యమంటే కార్డు ఒక్కటేనా? కర్నూలులో పుట్టిన డాక్టర్ మొదలియార్ కథ

ఆదోని, ఎమ్మిగనూరు వైపు ప్రభుత్వాసుపత్రి ఓపీలో జబ్బు గురించి ఎన్ని ప్రశ్నలు వస్తాయో, కార్డు గురించీ దాదాపు అన్నే వస్తాయి. ఈ ఆపరేషన్ కార్డులో వస్తుందా, కర్నూలుకు పోతే డబ్బు కట్టాలా, గుంటూరులో కూడా చెల్లుతుందా... మీరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ఉంటారు. తప్పకుండా అడగాల్సిన ప్రశ్నలే అవి. వాటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. అసలు ఆరోగ్యం అంటే ఏమిటి? అది పేదవాడి ఇంటి దాకా రావాలంటే ఏం ఉండాలి? ఈ ప్రశ్న చుట్టూ పనిచేసిన ఒక పెద్ద డాక్టర్ మన కర్నూలులోనే పుట్టారు. ఆయనే డాక్టర్ ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్.

కర్నూలు కవలలు

1887 అక్టోబరు 14న కర్నూలులోని ఒక తమిళ కుటుంబంలో కవల పిల్లలు పుట్టారు. ఒకరు రామస్వామి, ఇంకొకరు లక్ష్మణస్వామి. ఇద్దరి చదువూ కర్నూలులోనే మొదలైంది. 1903లో పైచదువుకు మద్రాసు వెళ్లి క్రిస్టియన్ కాలేజీలో చేరారు. తర్వాత రామస్వామి లా చదివి రాజకీయాల్లోకి వెళ్లారు. లక్ష్మణస్వామి మెడిసిన్ చదివారు.

అప్పుడు కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆదోని, ఎమ్మిగనూరు అయితే బళ్లారి జిల్లాలో ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే అవి కర్నూలు జిల్లాలో కలిశాయి. ఆ రోజుల్లో ఇక్కడి నుంచి ఎవరికి పెద్ద చదువు కావాలన్నా, పెద్ద వైద్యం కావాలన్నా మద్రాసు రైలెక్కాల్సిందే.

ప్రసూతి వార్డులో

లక్ష్మణస్వామి ప్రసూతి వైద్యాన్ని ఎంచుకున్నారు. మద్రాసు ఎగ్మోర్ ప్రసూతి ఆసుపత్రిలో పనిచేశారు. మద్రాసు మెడికల్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయిన తొలి భారతీయుడు ఆయనే. ప్రసూతి వైద్యంపై ఆయన పేరుతో వచ్చిన పుస్తకాన్ని కొత్త కొత్త మార్పులతో మెడికల్ విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు.

ఆ కాలపు లెక్కలు చూస్తే ఆ వార్డులో పని ఎలా ఉండేదో అర్థమవుతుంది. అప్పట్లో దేశంలో ప్రతి వెయ్యి కాన్పులకు సుమారు 20 మంది తల్లులు చనిపోయేవారని అంచనా. పుట్టిన వెయ్యి మంది పిల్లల్లో 160 మందికి పైగా మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవారు. 43 వేల జనాభాకు ఒక్క నర్సు ఉండేది.

కాన్పులో తల్లి చనిపోతే దానికి కారణం ఆ రాత్రి లేబర్ రూములో పుట్టిందని మీరు అనుకోవచ్చు. సాధారణంగా అది నెలల ముందే, కొన్నిసార్లు ఏళ్ల ముందే మొదలవుతుంది. చిన్న వయసులో పెళ్లి, రక్తహీనత, ఎవరూ చూడని బీపీ, దారిలో గడిచిపోయిన గంటలు... ఇవన్నీ కలిసి ఆమెను ఆ స్థితికి తెస్తాయి. చివరి గంటలో ఎంత మంచి డాక్టర్ ఉన్నా వీటన్నిటినీ వెనక్కి తిప్పలేడు.

1946లో రెండు పనులు

1943లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన దేశ ఆరోగ్యంపై కమిటీ వేసింది. అందులో లక్ష్మణస్వామి ఒక సభ్యుడు. 1946లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం ఆగకూడదన్నది దాని మూలసూత్రం. చికిత్స, నివారణ ఒకే చోట దొరకాలని కూడా చెప్పింది. మన పల్లెల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనే ఆలోచన ఆ నివేదిక నుంచి వచ్చిందే.

అదే ఏడాది కవల సోదరుడు రామస్వామి ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలికి తొలి అధ్యక్షుడయ్యారు. ఆ మండలి పిలుపుతోనే న్యూయార్క్‌లో ప్రపంచ ఆరోగ్య సదస్సు జరిగింది. 1946 జులై 22న 61 దేశాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగంపై సంతకాలు చేశాయి. 1948 ఏప్రిల్ 7న అది అమల్లోకి వచ్చింది. ఆ తేదీనే ఏటా ప్రపంచ ఆరోగ్య దినంగా జరుపుకుంటున్నాం.

జబ్బు లేకపోవడం ఒక్కటే ఆరోగ్యం కాదని, శరీరం, మనసు, నలుగురితో కలిసి బతికే బతుకు మూడూ బాగుండాలని ఆ రాజ్యాంగం చెప్పింది. 1948లో జెనీవాలో జరిగిన తొలి సభకు లక్ష్మణస్వామి భారత ప్రతినిధిగా వెళ్లారు. ఆ తర్వాత సంస్థ కార్యనిర్వాహక మండలికి అధ్యక్షత వహించారు. 1961లో ఢిల్లీలో జరిగిన 14వ ప్రపంచ ఆరోగ్య సభకు ఆయనే అధ్యక్షుడు.

ఈ నిర్వచనం మన దగ్గర ఎలా ఉంటుందో చూడండి. ఎమ్మిగనూరులో గుంత మగ్గం మీద రోజంతా కూర్చునే నేతన్నకు నడుము, మోకాళ్లు నొప్పి. నూలు ధర పెరిగితే నిద్ర పట్టదు. అతనికి నొప్పి మాత్ర ఒక్కటే రాసి ఇస్తే మూడింటిలో ఒక్కదానికే మందు ఇచ్చినట్టు. ఆదోని పక్క పల్లెల నుంచి సుగ్గికి గుంటూరు మిరప చేలకు వెళ్లే గర్భిణి సంగతీ అంతే. కార్డు ఆమె చేతిలోనే ఉంటుంది. ఆమె చెకప్‌లు మాత్రం ఊళ్లోనే ఆగిపోతాయి.

మొదలియార్ కమిటీ

1959లో కేంద్ర ప్రభుత్వం ఆయన అధ్యక్షతనే మరో కమిటీ వేసింది. భోర్ కమిటీ చెప్పినవి ఎంతవరకు జరిగాయో చూడటం దాని పని. ఆ కమిటీ 1961లో నివేదిక ఇచ్చింది. కొత్త ఆరోగ్య కేంద్రాలు తెరిచే ముందు ఉన్నవాటిని బాగుచేయాలని, ఒక్కో కేంద్రం 40 వేల మందికి మించి చూడకూడదని అది చెప్పింది. జిల్లా, డివిజన్ ఆసుపత్రుల్లో స్పెషలిస్టులు ఉండాలని కూడా చెప్పింది.

ఆ చివరి మాటను మీరు గుర్తుపెట్టుకోవాలి. ఏ ఊరి ఆసుపత్రిలోనైనా మత్తు డాక్టర్ పోస్టు ఖాళీగా ఉంటే కార్డు ఉన్నా అక్కడ సిజేరియన్ జరగదు. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు వంద కిలోమీటర్లు. కార్డు ఆసుపత్రి బిల్లు కట్టగలదు గానీ ఆ దూరాన్ని తగ్గించలేదు.

మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆయన 1942 నుంచి 27 ఏళ్లు వైస్ చాన్సలర్‌గా ఉన్నారు. 1954లో పద్మభూషణ్, 1963లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1974 ఏప్రిల్ 15న కన్నుమూశారు. రెండు కమిటీలు చెప్పినవాటిలో కొన్ని జరిగాయి, చాలా సగంలో ఆగాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) పెద్ద ఆపరేషన్ ఖర్చు నుంచి లక్షల కుటుంబాలను కాపాడింది. ఆ ఆపరేషన్ దాకా పోకుండా ఆపే పని ఇప్పటికీ ఆరోగ్య కేంద్రానిదే.

మీ ప్రశ్నలకు జవాబులు

కార్డు ఉంటే అన్నీ ఉచితమేనా? కాదు. పథకం జాబితాలో ఉన్న చికిత్సలకు, అనుబంధ ఆసుపత్రుల్లో మాత్రమే వర్తిస్తుంది. చేరే ముందే అక్కడి హెల్ప్‌డెస్క్‌లో అడగండి. 104కు ఫోన్ చేసినా చెబుతారు.

సుగ్గికి వెళితే? రాష్ట్రంలో ఏ జిల్లాలోని అనుబంధ ఆసుపత్రిలోనైనా కార్డు పనిచేస్తుంది. గర్భిణులు మాతా శిశు సంరక్షణ కార్డు, ఐరన్ మాత్రలు వెంట తీసుకెళ్లండి. అక్కడి ఆరోగ్య కేంద్రంలోనే బీపీ, రక్తపరీక్ష ఉచితంగా చేయించుకోవచ్చు.

ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారా? సాధారణంగా పది మంది లేదా అంతకు మించి పనివాళ్లున్న చోట, మీ జీతం నెలకు 21 వేలు దాటకపోతే ఇప్పటి నిబంధనల ప్రకారం మీకు ఈఎస్ఐ ఉండాలి. 1948 నాటి చట్టం ఇచ్చిన హక్కు అది. మీ పేరు ఎక్కించారో లేదో యజమానిని అడగండి.

సొంతంగా బీమా కొంటున్నారా? షుగర్, బీపీ ఉంటే దాచకండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. దాచిన విషయం బయటపడితే క్లెయిమే పోతుంది.

జబ్బు లేనప్పుడు ఆసుపత్రితో పనేముంది? 30 ఏళ్లు దాటితే ఏడాదికోసారి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ చూపించుకోండి. దీనికి ఏ కార్డూ అవసరం లేదు. అక్కడ డాక్టర్ లేకపోయినా, మందు లేకపోయినా ఊరుకోకుండా అడగండి. ఆ కేంద్రం మీ ఊరికి రావాలని కర్నూలులో పుట్టిన ఒక డాక్టర్ ఉన్న కమిటీ 1946లోనే రాసిపెట్టింది.