డాక్టరు కుగ్లరు దొరసానిగారు

గుంటూరు సీమలో కుగ్లరు ఆసుపత్రి పేరు విననివారు అరుదు. అయినను ఆ దొరసానిగారిని మన దేశమునకు వైద్యము చేయుటకై పంపలేదను సంగతి అనేకు లెఱుగరు. కావున దానినే మేము ముందుగా వ్రాయుచున్నాము.

అన్నా సారా కుగ్లరుగారు 1856వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమందు జన్మించిరి. 1879లో ఫిలడెల్ఫియా స్త్రీల వైద్యకళాశాలలో పట్టము పొందిరి. లూథరను సంఘపు స్త్రీల సమాజమువారు వైద్యసేవ నారంభించుటకు అప్పటికింకను సమ్మతింపక, బాలికలకును ఘోషా స్త్రీలకును బోధించు పనికే ఆమెను నియమించిరి. ఆమె మారుపలుకక అంగీకరించి, మందులపెట్టె మాత్రము వెంట తెచ్చుకొని, 1883లో గుంటూరు చేరిరి.

పురుషవైద్యుని కంటబడని స్త్రీలు రోగముతో మూలుగుచుండగా పాఠము చెప్పి మరలివచ్చుట ఎట్లు? మొదటి సంవత్సరముననే రోగుల యిండ్లలో 185 మందికి, తమ బసలో 276 మందికి చికిత్స చేసిరి. తీఱికవేళల చేసిరనుట మాటవరుసకే, తీఱిక యెక్కడిది? తుదకు 1885లో సమాజమువారు ఆమెను వైద్యమిషనెరీగా నియమించిరి.

అమెరికాకు సెలవుపై పోయినప్పుడు ద్రవ్యము కూర్చిరి. 1898లో ఆసుపత్రి తెరువబడెను. ఏలూరు జమీందారు రాజా భుజంగరావుగారు, తమ రాణిగారికి జరిగిన చికిత్సకు కృతజ్ఞులై, హిందూరోగుల బంధువులు దిగుటకు ఒక సత్రము కట్టించిరి. ఇంటివారు చెంతలేనిదే ఆసుపత్రిలో నుండుటకు జంకు స్త్రీల కది ఎంతటి యుపకారమో మా పాఠకుల తల్లులకు చెప్పనక్కఱలేదు.

ప్రభుత్వమువారు 1905లో కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చిరి. 1930 జూలై 26వ తేదీన దొరసానిగారు గుంటూరులోనే పరమపదించిరి. పిమ్మట ఆసుపత్రికి ఆమె పేరే పెట్టబడెను.