సత్యం కోసం నేలకొరిగిన కలం – షోయబుల్లాఖాన్

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన రాయచూరు జిల్లా నేడు కర్ణాటకలో ఉన్నది. 1956 నవంబరు 1వ తేదీ వరకు ఇది హైదరాబాదు రాష్ట్రంలోని భాగము. గద్వాల, ఆలంపురం తాలూకాలు కూడ ఆనాడు మన జిల్లాలోనివే. కనుక నిజాం పాలన చివరి రోజులలో హైదరాబాదు నగరంలో ప్రాణాలర్పించిన ఒక యువ పత్రికా సంపాదకుని జీవితము మనకు పరాయి కథ కాదు. ఆ మహనీయుడే షోయబుల్లాఖాన్.

ఆయన 1920 అక్టోబరు 17న నాటి వరంగల్లు జిల్లాలోని మహబూబాబాదు సమీపాన గల సుబ్రవేడు గ్రామంలో జన్మించారు. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. షోయబుల్లాఖాన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులైనారు. ఆ చదువుకు ప్రభుత్వోద్యోగము సులభంగా లభించే కాలమది. అయినను ఆయన ఆదాయము తక్కువ, అపాయము ఎక్కువ అయిన పత్రికా రచననే ఎన్నుకున్నారు.

మందుముల నరసింగరావు గారు నడిపిన ఉర్దూ దినపత్రిక 'రయ్యత్'లో ఆయన ఉపసంపాదకులుగా పనిచేశారు. నరసింగరావు గారు ఆంధ్ర మహాసభ నాయకులలో ఒకరు. సంస్థానంలో తెలుగు, కన్నడ, మరాఠీ భాషలు మాట్లాడే ప్రజలే అధిక సంఖ్యాకులైనను, రాజభాష, ఉన్నత విద్యాభాష ఉర్దూ. మాతృభాషలో చదువుకొనే హక్కు కోసం ఆంధ్ర మహాసభ ఎన్నో ఏండ్లు శ్రమించినది. నేడు తెలుగు మాధ్యమ పాఠశాలలో ఉత్సవము జరుపుకొంటున్న మనము ఆ శ్రమను మరువరాదు.

ప్రభుత్వము 'రయ్యత్'ను మూసివేయగా, షోయబుల్లాఖాన్ 1947 నవంబరు 15న సొంతంగా 'ఇమ్రోజ్' అను దినపత్రికను స్థాపించారు. ఇమ్రోజ్ అనగా 'నేడు' అని అర్థము. బూర్గుల రామకృష్ణారావు గారి వంటి పెద్దల అండ ఆయనకు లభించినది.

అప్పటికి దేశానికి స్వాతంత్ర్యము వచ్చి మూడు మాసములైనను హైదరాబాదు భారతదేశంలో చేరలేదు. లాతూరుకు చెందిన న్యాయవాది ఖాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్లనెడి సాయుధ దళము బలపడినది. వారు చేతుల్లో తుపాకులు, కత్తులు ధరించి పల్లెలపై పడి దోచుకొనుట, ఇండ్లు తగులబెట్టుట, ఎదిరించిన వారిని చంపుట సాగించారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత తెలుగువారి జ్ఞాపకంలో నేటికీ నిలిచియున్నది. కన్నడ ప్రాంతంలో బీదరు జిల్లా గోర్టా గ్రామము కూడ అదే ఏట ఇట్టి దారుణానికి గురియైనది. చట్టము నిలువరించవలసిన ముఠాను ప్రభుత్వమే చూచీచూడనట్లు విడిచిపెట్టినపుడు సామాన్యునికి దిక్కెవ్వరు?

రజాకార్లు ముస్లింలందరి పక్షాన మాట్లాడుతున్నామని చాటుకొన్నారు. ఆ మాట అసత్యమని ఒక ముస్లిం యువకుడు ఉర్దూ భాషలోనే ప్రతిదినము వ్రాయుట వారికి మింగుడుపడలేదు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు సంస్థానము భారతదేశంలో చేరవలెనని కోరుచు ప్రకటన చేయగా 'ఇమ్రోజ్' దానిని ప్రచురించినది. కొలది దినములకే రజ్వీ బహిరంగ సభలో, తమకు వ్యతిరేకంగా వ్రాసే చేతులు తెగిపడునని బెదిరించాడు. మిత్రులు హెచ్చరించినను షోయబుల్లాఖాన్ వ్రాత ఆపలేదు.

ఆగస్టు 21వ తేదీ రాత్రి పత్రిక పని ముగించుకొని ఆయన తన బావమరిది ఇస్మాయిల్‌ఖాన్‌తో కలిసి కాచిగూడ కార్యాలయము నుండి ఇంటికి నడిచి వెళ్లుచుండగా దుండగులు చుట్టుముట్టారు. ఆయనను తుపాకితో కాల్చి, చేతిని నరికివేశారు. అడ్డుపడిన ఇస్మాయిల్‌ఖాన్ కూడ ఒక చేయి కోల్పోయారు. మరునాటి వేకువకు షోయబుల్లాఖాన్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువది యేడు సంవత్సరములు మాత్రమే. సరిగా ఇరువదియారు దినముల తరువాత, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయి సంస్థానము భారతదేశంలో కలిసినది. రజ్వీ కారాగార శిక్ష అనుభవించి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు.

ఏటా సెప్టెంబరు 17న కల్యాణ కర్ణాటకలో మనము విమోచన దినోత్సవము జరుపుకొనుచున్నాము. ఆనాడు పిల్లలకు చెప్పవలసిన మరొక సత్యము కూడ ఉన్నది. రజాకార్ల పతనము తరువాత ప్రతీకారము పేరిట గుంపులు బయలుదేరి, ఏ పాపమెరుగని ముస్లింలను అనేక చోట్ల హతమార్చినవి. కేంద్ర ప్రభుత్వము పంపిన పండిట్ సుందర్‌లాల్ సంఘము, పోలీసు చర్య కాలంలోను తరువాతను 27 వేల నుండి 40 వేల మంది వరకు మరణించియుందురని అంచనా వేసినది. మన పొరుగున ఉన్న గుల్బర్గా, బీదరు జిల్లాలు మిక్కిలి నష్టపోయిన వాటిలో ఉన్నవి. ఆ నివేదిక దశాబ్దాల తరబడి వెలుగు చూడలేదు. ఆ గుంపుల ఎదుట షోయబుల్లాఖాన్ నిలిచియున్నచో ఆయన పేరు విన్నంతనే ఆయననూ విడిచిపెట్టెడివారు కారేమో! ముఠా ఆయనను తనవాడై ఎదిరించినందుకు చంపినది. గుంపు మనిషిని పేరు చూచి చంపినది. రెండింటికీ ఎదుటివాని మాట వినే ఓపిక లేదు.

బడి నేర్పవలసిన మొదటి పాఠము ఆ ఓపికయే. మన తరగతులలో వేర్వేరు మతముల, వేర్వేరు మాతృభాషల పిల్లలు ఒకే బల్లపై కూర్చుండి అక్షరాలు దిద్దుకొన్నారు. తప్పు తనవారిదైనను తప్పని చెప్పగల ధైర్యము, ఒకని నేరానికి వేరొకని దండించరాదన్న వివేకము ఆ బల్లపైననే అలవడవలెను. ఈ రెండు గుణములు మన పిల్లలకు అబ్బిన నాడు, ఇరువదియేడేండ్లకే ఆగిపోయిన ఆ కలము మరల వ్రాయనారంభించినట్లే యగును.