బాంబు పనికి రానన్న లీజే మైట్నర్



ఆదికాండము నాలుగవ అధ్యాయములో దేవుడు కయీనును అతని తమ్ముని గూర్చి అడిగెను. ఆ లెక్క తనది కాదన్నట్లు కయీను జవాబిచ్చెను. ఆ లెక్క తనదేనని యెంచిన యొక స్త్రీని ఈ నెల జ్ఞాపకము చేసికొందము.

లీజే మైట్నర్ 1878లో వియన్నా పట్టణమున యూదుల యింట పుట్టెను. 1908లో బాప్తిస్మము పొంది ప్రొటెస్టంటు సంఘములో చేరెను. ముప్పది యేండ్లు బెర్లినులో అణువులను గూర్చి పరిశోధించెను. పుట్టుకచేత యూదురాలు గనుక, 1938 జూలైలో హిట్లరు పాలననుండి తప్పించుకొని స్వీడను దేశము చేరెను.

ఆ డిసెంబరులో, తనతో పనిచేసిన ఆటో హాన్ బెర్లినునుండి ఒక వింత ఫలితమును వ్రాసి పంపెను. తన తోబుట్టువు కుమారుడు ఆటో ఫ్రిష్‌తో మంచులో నడచుచు ఆమె దాని భావము గ్రహించెను. యురేనియము అణువు నడిమి గింజ రెండుగా చీలుచున్నది. అందు గొప్ప శక్తి వెలువడుచున్నది.

1943లో అమెరికాలో బాంబు చేయుచున్న వారితో చేరుమని ఆమెకు పిలుపు వచ్చెను. స్వీడనులో ఆమెకు తగిన పనిముట్లు లేవు, సహాయకులు లేరు. హిట్లరు ఆమె జనులను చంపించుచుండెను. వెళ్లుటకు కారణములు తక్కువ కావు. ఫ్రిష్ వెళ్లెను. ఆమె మాత్రము బాంబు పనిలో చేయి పెట్టనని చెప్పెను.

అయినను 1945 ఆగస్టు 6న హిరోషిమాపై బాంబు పడెను. ఆమె మానినందున బాంబు ఆగలేదు. అట్లయిన ఆమె మానుట వ్యర్థమా? కాదని మేము నమ్ముచున్నాము. లోకమంతటి లెక్క ఆమెది కాదు. తన చేతి లెక్క ఆమెది. ఆమె తన్ను తాను నీతిమంతురాలిగా ఎంచుకొనలేదు. 1933 తరువాత కూడ హిట్లరు దేశములో నిలిచియుండుట తన తప్పేనని ఒప్పుకొనెను. 1968లో ఆమె మరణించగా, ఇంగ్లాండులోని బ్రామ్లీ గ్రామ దేవాలయపు ఆవరణలో సమాధి చేసిరి.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. నల్గొండ జిల్లా పెద్దగట్టు, లంబాపూరు రాళ్లలో ఆ యురేనియమే యున్నది. శోధనయు మన యొద్దనే యున్నది. కల్లులో మత్తుమందు కలుపుమని కూలి యిచ్చువాడు చెప్పినప్పుడు, నేను కాకున్న మరియొకడు కలుపును గదా యని మన మనస్సు చెప్పును. మరియొకని చేతిని గూర్చి దేవుడు మనలను అడుగడు. మన చేతిని గూర్చి అడుగును. ఆ దినమున జవాబు చెప్పగల కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.