తప్పిపోయిన శిక్ష: హజ్రత్ యూనుస్ (అలైహిస్సలాం)

కష్టం వచ్చినప్పుడు మన ఇళ్లలో ఆయతె కరీమా చదివిస్తాం. తెల్ల దుప్పటి పరచి, నడుమ ఖర్జూరపు గింజలో చింతగింజలో పోసుకుని, సవా లక్ష పూర్తయ్యేదాకా పిల్లలు సైతం కూర్చుంటారు. ఆ దుఆ ఎవరిదని అడిగితే చేప కడుపులో ఉన్న ప్రవక్తదని వెంటనే చెబుతారు. ఆయన ఏ ఊరికి ప్రవక్తగా వెళ్లారు, ఆ ఊరు ఏమైంది అంటే మాత్రం జవాబు రాదు. నిజానికి ఈ గాథలో చేప కన్నా ఊరే పెద్దది.

హజ్రత్ యూనుస్ (అలైహిస్సలాం) మత్తా కుమారుడు. బైబిలులో ఆయన పేరు యోనా. క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దానికి చెందినవారు. దివ్యఖుర్ఆన్‌లో 10వ సూరా ఆయన పేరు మీదనే ఉంది. ఆయనను పంపిన నగరం నీనెవా. నేటి ఇరాక్‌లో, మోసుల్ పట్టణం దగ్గర, దజ్లా నది తూర్పు ఒడ్డున ఉండేది. లక్షకు పైబడిన జనం. అస్సీరియా బలం, సంపద, విగ్రహారాధన, గర్వం అన్నీ అక్కడే.

ఎంత బోధించినా వారు వినలేదు. శిక్ష రాబోతోందని హెచ్చరించి, అల్లాహ్ అనుమతి రాకముందే కోపంతో ఊరు విడిచారు. నిండు ఓడ ఎక్కారు. చీట్లు వేస్తే ఆయన పేరే వచ్చింది. రాత్రి చీకటి, సముద్రపు చీకటి, చేప కడుపు చీకటి; మూడు చీకట్లలో తన తప్పు ఒప్పుకుని మొరపెట్టుకున్నారు. నీరసించి ఒడ్డున పడిన ఆయనకు అల్లాహ్ ఒక తీగ మొలిపించి నీడనిచ్చాడు. అది సొరతీగ అని వ్యాఖ్యాతలు అంటారు. మన ఇళ్లలో పిల్లలు కద్దూ చూసి ముఖం చిట్లిస్తారు గానీ, మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇష్టంగా తిన్న కూర అది!

ఇక ఊరి సంగతి. శిక్ష ఛాయలు కనిపించగానే నీనెవా జనం పిల్లాపాపలతో, పశువులతో సహా మైదానంలోకి వచ్చి ఏడ్చి తౌబా చేశారని వ్యాఖ్యాతలు రాశారు. రావలసిన శిక్ష తొలగిపోయింది. శిక్ష ముంచుకొచ్చాక విశ్వసించి బయటపడిన ఊరు ఇదొక్కటేనని ఖుర్ఆన్ చెబుతుంది. బైబిలు కథనంలో ఆ ఊరు బతికినందుకు ప్రవక్త నొచ్చుకుంటాడు. మన గ్రంథంలో ఆ మాట లేదు.

తరువాతి తరాలు మళ్లీ పాత దారి పట్టాయి. నహూము ప్రవచనాలు నీనెవా నాశనం గురించే. క్రీ.పూ. 612లో బాబిలోనియన్లు, మాదీయులు కలిసి దాన్ని నేలమట్టం చేశారు. రెండు శతాబ్దాల తర్వాత గ్రీకు సేన ఆ శిథిలాల పక్కగా నడిచి వెళ్తే వారికి దాని అసలు పేరు కూడా తెలియలేదు. అక్కడి గుట్టపై యూనుస్ ప్రవక్త పేరిట ఉన్న మసీదును 2014 జులైలో ఐసిస్ వాళ్లు పేల్చివేశారు. ముస్లిములమని చెప్పుకునేవారే ఆ పని చేశారు.

2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర పొంగి అలంపురం మునిగినప్పుడు, అది ఆ ఊరి పాపమేనని తేలిగ్గా అన్నవారిని మేము విన్నాం. మాకది నచ్చలేదు. 1980లలో కొల్లాపూర్ వైపు ఊళ్లు శ్రీశైలం జలాశయంలో మునిగాయి; ఆ ఆనకట్ట కట్టింది మనుషులు. ఏ ఊరు ఎందుకు మునిగిందో తీర్పు చెప్పడానికి మనకు వహీ రాదు. వహీ వచ్చిన ప్రవక్తే తొందరపడినందుకు చేప కడుపులోకి వెళ్లవలసి వచ్చింది.

హిజ్రత్‌కు సుమారు మూడేళ్ల ముందు తాయిఫ్‌లో మహాప్రవక్తను (సల్లల్లాహు అలైహి వసల్లం) రాళ్లతో కొట్టారు. నెత్తురు కారుతున్న కాళ్లతో ఒక తోటలో కూర్చుంటే, అద్దాస్ అనే క్రైస్తవ బానిస ద్రాక్షపళ్లు తెచ్చాడు. అతనిది నీనెవా. అది యూనుస్ ఊరు కదా, ఆయన నాకు సోదరుడు అని మహాప్రవక్త అనేసరికి అతను ఆశ్చర్యపోయి ఆయన తలను, చేతులను ముద్దాడాడు. ఆ తిరుగుప్రయాణంలోనే, అనుమతిస్తే ఆ జనాన్ని రెండు కొండల నడుమ నలిపివేస్తానని పర్వతాల దైవదూత అడిగాడు. ఆయన వద్దన్నారు, వారి సంతానమైనా అల్లాహ్‌ను ఆరాధిస్తుందని ఆశించారు. హిజ్రీ 9వ ఏట తాయిఫ్ ప్రతినిధులు తమంతట తామే మదీనాకు వచ్చారు.