కొండ మీద ఆకాశం కట్టించినాయన

దేశంలో తప్పక చూడాల్సిన ఖరీదైన హోటళ్లని ఎవరు జాబితా రాసినా హైదరాబాద్ ఫలక్‌నుమా అందులో ఉంటాది. మన అరకు, డుంబ్రిగుడ కొండల మీద కూడా అలాంటి మేడ ఒకటి లేస్తే బాగుండునని ఆశపడేవోళ్లు ఉన్నారు. ఆశపడటం తప్పుకాదు. గానీ ఆ మేడ ఎవరు కట్టించినారు, ఎవరి సొమ్ముతో కట్టించినారు, ఆఖరికి అది ఎవరి చేతికి పోయింది అన్నది తెలుసుకోకుండా ఆశపడితే మోసపోయేది మనమే. అందుకే ఈ వారం ఆ నవాబు కథ చెప్తాను. ఆయన పేరు సర్ వికార్-ఉల్-ఉమ్రా.

1856లో పుట్టినాడు. పుట్టినిల్లే పెద్దది. హైదరాబాద్ సంస్థానంలో నిజాం తర్వాత అంత సిరిగల ఇల్లు పైగా వంశానిదే. నిజాంకి రక్షణగా సైన్యాన్ని పోషించడం వాళ్ల పని. అందుకు బదులు వేల చదరపు మైళ్ల జాగీరు వాళ్ల చేతిలో ఉండేది. ఆ ఊళ్లలో రైతు కట్టిన శిస్తు సర్కారు ఖజానాకి కాదు, సరాసరి పైగా నవాబుల ఖజానాకి పోయేది. వికారాబాద్ అనే ఊరి పేరు మనందరికీ తెలుసు. అది ఈయన పేరే.

తండ్రి రషీదుద్దీన్ ఖాన్ మామూలోడు కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పసివాడిగా ఉన్నప్పుడు, సాలార్‌జంగ్‌తో కలిసి రాజ్యం నడిపినాడు. వికార్-ఉల్-ఉమ్రా ఆ నిజాం అక్కాచెల్లెళ్లలో ఒకామెను పెళ్లాడినాడు. అంటే రాజుగారికి బావ వరస. అధికారం, చుట్టరికం, డబ్బు మూడూ ఒకే ఇంట్లో చేరితే ఏటవుతాది? పోటీ అవుతాది. ఆ రోజుల్లో అమీర్లందరూ మేడల మీద మేడలు కట్టి ఒకరిని మించి ఒకరు గొప్ప చూపించుకునేవోళ్లు. ఈయన మాత్రం ఊళ్లో కట్టలేదు. చార్మినార్‌కి సుమారు అయిదు కిలోమీటర్ల దూరంలో, ఊరంతా కాళ్లకింద కనిపించే కొండని ఎంచుకున్నాడు.

1884 ఫిబ్రవరిలో మహబూబ్ అలీ ఖాన్‌కి పూర్తి అధికారాలు చేతికొచ్చినాయి. ఆ మార్చిలోనే ఫలక్‌నుమాకి పునాదిరాయి పడింది. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దంలాంటిది అని అర్థం. పూర్తి కావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఇటలీ పాలరాయి తెప్పించినారు. ఐరోపా నుంచి రంగుటద్దాలు, షాండిలియర్లు వొచ్చినాయి. మేడ నమూనా తేలు ఆకారం, ఉత్తరానికి రెండు కొండెలు రెక్కల్లాగ చాపుకొని ఉంటాయి. 101 మంది ఒకేసారి కూర్చొని తినే భోజనబల్ల ఉంది. గ్రంథాలయం కప్పు ఇంగ్లండులో విండ్సర్ కోటలోదానికి నకలు. బాగుందా అంటే బాగుంది. అందం మీద నాకు కోపం లేదు. ఆ చెక్కడం, ఆ నునుపు చేతుల పనితనమే కదా. అయితే గీత గీసిన దొర పేరు పుస్తకాల్లో దొరుకుతాది గానీ రాయి మోసినోళ్ల పేరు, సున్నం నూరిన ఆడోళ్ల పేరు ఎక్కడా దొరకదు.

ఆ కాలంలో మన కొండల్లో ఏటి జరుగుతున్నాదో కూడా గుర్తుపెట్టుకోవాలి. 1879లో మొదలైన రంప పితూరీని తెల్లోళ్లు తుపాకులతో అణిచేసి ఎన్నో ఏళ్లు కాలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వొచ్చింది. తాతలనాటి పోడు భూమి రాత్రికి రాత్రి రిజర్వు అడవి కావడం అప్పట్నుంచే. ఒక కొండ మీద ఒక కుటుంబానికి మేడ లేస్తోంది. ఇంకో కొండ మీద వేల కుటుంబాల కాళ్లకింద నేల జారిపోతోంది. రెండూ వేరువేరు రాజ్యాలే, ఒకటి నిజాంది, ఒకటి తెల్లోళ్లది. గానీ కొండ ఎవరిది అన్న ప్రశ్నకి రెండుచోట్లా ఒకటే జవాబు. కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్లది.

1890 నాటికే నవాబు కొండెక్కి కాపురం పెట్టినాడు, మిగిలిన పని దగ్గరుండి చేయించుకున్నాడు. 1893లో తన వంశపోడే అయిన ఆస్మాన్ జా దిగిపోతే, సంస్థానానికి ప్రధానమంత్రి అయినాడు. ఎనిమిదేళ్లు ఆ పదవిలో ఉన్నాడు. పైకి చూస్తే ఇంతకంటే ఎదగడానికి చోటు లేదు. లోపల మాత్రం మేడ ఆయన్ని తినేసింది. ఖర్చు నలభై లక్షలు దాటిందని చెప్తారు. అప్పటి నలభై లక్షలు. వేల చదరపు మైళ్ల జాగీరు ఉన్నోడు కూడా అప్పులపాలైనాడు.

తర్వాత జరిగింది హైదరాబాద్ జనం ఇప్పటికీ కథలాగ చెప్పుకుంటారు. నిజాంని అతిథిగా పిలిచినారు. ఆయనకి మేడ నచ్చింది. నచ్చిందని తెలిసినాక నవాబు దాన్ని కానుకగా సమర్పించుకున్నాడు. ఈ ఉపాయం ఆయన భార్యదే అని కొందరంటారు. వట్టి కానుకగా పుచ్చుకోకుండా నిజాం సొమ్ము ముట్టజెప్పినాడని ఇంకొందరంటారు. ఏదైతేనేటి, 1897 ప్రాంతానికి ఫలక్‌నుమా నిజాం చేతికి పోయింది. తొమ్మిదేళ్లు కట్టించినాయన అందులో ఏడేళ్లయినా యజమానిగా కాపురం చేయలేకపోయినాడు.

ఆయన ప్రధానమంత్రిగా ఉండగానే 1899-1900 పెద్ద కరువు దక్కనుని కాల్చేసింది. సంస్థానంలో పడమటి జిల్లాలు ఎండిపోయినాయి. సర్కారు సహాయ పనులు తెరిచింది, అది చెప్పకపోతే అన్యాయం. అయినా ఒక లెక్క మాత్రం మిగులుతాది. ఊరి రైతు దగ్గర కరువుకి దాచుకోడానికి గింజ ఎందుకు మిగల్లేదంటే, మంచి ఏళ్లలో పండింది కొండ మీదికి పోయింది కాబట్టి.

1901లో పదవి పోయింది, మహారాజా కిషన్ పర్షాద్ ఆ కుర్చీలోకి వొచ్చినాడు. 1902 ఫిబ్రవరిలో వికార్-ఉల్-ఉమ్రా కన్నుమూసినాడు. అప్పటికి ఆయన వయసు నలభై అయిదు. బేగంపేటలో స్పానిష్ మసీదు కూడా ఆయన తలపెట్టినదే. అది 1906లో, ఆయన పోయినాక పూర్తయింది.

మనిషి పోయినాడు, మేడ ఉంది. మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆ మేడలోనే ప్రాణం విడిచినాడు. తర్వాత అది వైస్రాయ్‌లకి, బ్రిటిష్ రాజకుటుంబీకులకి విడిది అయింది. 1948లో నిజాం పాలన పోయింది. 1949లో జాగీర్లు రద్దయినాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మేడకి సొమ్ము పెట్టిన జాగీరు పోయింది, మేడ మాత్రం నిజాం కుటుంబానికే ఉండిపోయింది. చాలా ఏళ్లు తాళం వేసి ఉంది. ఆఖరికి తాజ్ కంపెనీకి లీజుకి ఇచ్చినారు. పదేళ్లు మరమ్మతు చేసి 2010 నవంబరులో హోటల్‌గా తెరిచినారు. 60 గదులు, సూట్లు. 2017 నవంబరులో ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్‌కి విందు పెట్టింది ఆ 101 కుర్చీల బల్ల దగ్గరే. అంటే 1890లలో రాజుకి మర్యాద చేయడానికి పనికొచ్చినట్టే ఇప్పుడూ పనికొస్తోంది.

ఈ కథలో మనకి పనికొచ్చే ముక్క ఏటంటే, మేడ ఎంత అందంగా ఉంది అన్నది కాదు. నేల ఎవరిది, లీజు కాగితం మీద సంతకం ఎవరిది అన్నదే. కట్టించిన నవాబు పోయినాడు, కొనుక్కున్న నిజాం పోయినాడు, వ్యవస్థే మారిపోయింది. అయినా హక్కు కాగితం ఉన్నోళ్లకి నూటపాతికేళ్ల తర్వాత కూడా ఆదాయం వస్తోంది. రాయి మోసినోళ్ల మనవళ్లకి ఏ కాగితమూ లేదు.

మన దగ్గర కాగితం ఉంది. దాని పేరు 1/70. షెడ్యూల్డ్ ప్రాంతంలో నేల గిరిజనేతరుడి చేతికి పోకూడదని చెప్పే చట్టం. 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పులో ఇంకో మెట్టు పైకెక్కింది. గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి షెడ్యూల్డ్ ప్రాంతం నేలని సర్కారు కూడా లీజుకి ఇవ్వడానికి వీల్లేదని తేల్చింది. ఆ కేసు పుట్టింది ఎక్కడో కాదు, మన పక్కనే అనంతగిరి మండలంలో, బొర్రా వైపు. 2025 ఫిబ్రవరిలో పర్యాటకం కోసం 1/70ని సవరించాలన్న మాట పైకొచ్చినప్పుడు ఏజెన్సీ అంతా బంద్ పాటించింది. చట్టం జోలికి పోమని ప్రభుత్వం చెప్పాల్సి వొచ్చింది.

చట్టాన్ని మార్చకపోయినా దాని కింద నుంచి సొరంగం తవ్వేవోళ్లు ఉంటారు. కాగితం మీద గిరిజనుడి పేరు, లోపల డబ్బు ఇంకొకరిది. చాపరాయికి వారాంతంలో వచ్చే బండ్లు చూస్తే ఎవరికైనా ఆశ పుడతాది. ఆ ఆశ ముందు మనోళ్ల దగ్గర ఉండేది ఒక ఎకరం నేల, పిల్లల ఫీజు అప్పు, ఆస్పత్రి అప్పు. పేరు అరువిస్తే నెలకి ఇంత ఇస్తామంటారు. ఒప్పుకున్నోడు రేపు తన నేల మీదే గేటు దగ్గర సలాం కొట్టే కాపలాదారు అవుతాడు.

పర్యాటకం వద్దని నేను అనడం లేదు. చలికాలంలో మంచు చూడ్డానికి జనం వొస్తారు, రావాలి. వాళ్లు తాగేది మనోళ్ల కాఫీ కావాలి, పడుకునేది మనోళ్ల ఇంట్లో కావాలి. గ్రామసభలో తీర్మానం లేకుండా ఒక్క గది కూడా లేవకూడదు. పీసా చట్టం మనకి ఇచ్చిన బలం గ్రామసభే, దాన్ని సంతకాల పుస్తకంగా మార్చకూడదు. గిరిజన సహకార సంఘాలకి, మహిళా సంఘాలకి బ్యాంకు అప్పు, శిక్షణ ఇవ్వాలి. వంట, లెక్క, బుకింగ్ నేర్పించాలి. బినామీ కాగితాల మీద ఉన్న కట్టడాలన్నిటినీ ఐటీడీఏ బయటకి తియ్యాలి. కొండ మీద చిన్న పెంకుటిల్లే అయినా సరే, దాని యజమాని ఆ కొండ కింద పుట్టినామె అయి ఉండాలి.

ఫలక్‌నుమాకి కుదిరితే వెళ్లి చూడండి. డబ్బు కట్టి బయటోళ్లు కూడా లోపల తిరగొచ్చు. ఆ పాలరాతి మెట్లు చూడండి, ఆ బల్ల చూడండి. చూసినాక మన ఊరి గ్రామసభ ఎప్పుడో కనుక్కొని బేగి వచ్చేయండి. నేల మన చేతిలో ఉన్నప్పుడే ఈ మాటలన్నిటికీ విలువ.