జార్జ్ పోల్యా

జార్జ్ పోల్యా (డిసెంబరు 13, 1887 - సెప్టెంబరు 7, 1985) హంగేరీలో పుట్టి, స్విట్జర్లాండు, అమెరికాలలో పనిచేసిన గణిత శాస్త్రవేత్త. సంభావ్యతా శాస్త్రంలోను, గణిత విశ్లేషణలోను ఆయన పరిశోధనలు ప్రసిద్ధమైనవి. అయితే ఉపాధ్యాయలోకం ఆయనను ఎక్కువగా గుర్తుంచుకున్నది 1945లో వెలువడిన "హౌ టు సాల్వ్ ఇట్" అనే చిన్న పుస్తకం వలన.

జీవితం

పోల్యా బుడాపెస్టులో జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయాడు. మొదట న్యాయశాస్త్రంలో చేరి, విసుగు పుట్టి మానుకున్నాడు. తరువాత భాషాసాహిత్యాలు, ఆపైన తత్వశాస్త్రం చదివాడు. తత్వశాస్త్రానికి తోడ్పడుతుందని ఆచార్యుడు సలహా ఇవ్వగా భౌతిక, గణిత శాస్త్రాల వైపు వచ్చాడు. 1912లో డాక్టరేటు పొంది, 1914లో జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చేరాడు. మొదటి ప్రపంచయుద్ధంలో హంగేరీ సైన్యం పిలుపును తిరస్కరించినందున చాలా ఏళ్ళు స్వదేశానికి వెళ్ళలేకపోయాడు. 1918లో స్టెల్లా వెబర్‌ను వివాహమాడాడు. 1940లో, ఐరోపాలో నాజీల ప్రాబల్యం పెరుగుతుండగా, అమెరికాకు వలస వెళ్ళాడు. 1942 నుండి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసి, 1953లో పదవీ విరమణ చేశాడు.

సమస్యా సాధన

నిరూపణ సరైనదే, కాని అది మొదట ఎవరికైనా ఎలా తట్టింది? విద్యార్థిగా పోల్యాను వేధించిన ప్రశ్న ఇది. 1925లో గాబోర్ సెగోతో కలిసి ప్రచురించిన విశ్లేషణ గ్రంథంలో లెక్కలను విషయాన్ని బట్టి కాక, సాధించే పద్ధతిని బట్టి అమర్చడంలో దీనికి జవాబు మొదలైందనవచ్చు. "హౌ టు సాల్వ్ ఇట్" తొలి చిత్తుప్రతిని ఐరోపాలోనే జర్మన్ భాషలో వ్రాసుకున్నాడు. అమెరికాలో ప్రచురణకర్త దొరకడం కష్టమైంది. చివరకు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన ఆ పుస్తకం పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది.

అందులో నాలుగు మెట్లున్నాయి: సమస్యను అర్థం చేసుకోవడం, పథకం ఆలోచించడం, దానిని అమలుపరచడం, జవాబు వచ్చాక వెనుదిరిగి పరిశీలించడం. తరగతి గదులలో తరచు విడిచిపెట్టేది నాలుగవ మెట్టునే.

ఊహించడాన్ని కూడా నేర్పాలని పోల్యా వాదించాడు. 1960లలో చిత్రీకరించిన ఒక పాఠంలో, ఐదు సమతలాలు అంతరాళాన్ని గరిష్ఠంగా ఎన్ని భాగాలు చేస్తాయని విద్యార్థులను అడిగాడు. ఒక తలం 2, రెండు 4, మూడు 8 భాగాలు చేస్తాయి. కనుక నాలుగు 16 చేస్తాయనిపిస్తుంది. నిజానికి వచ్చేది 15. ఊహ ఎక్కడ తప్పిందో చూడడానికి గీతపై బిందువులు, తలంపై గీతలు అనే తేలిక సమస్యలకు దిగితే క్రమం బయటపడుతుంది. ఐదు తలాలకు 26 భాగాలు వస్తాయి.

ప్రభావం

1980లో అమెరికా గణితోపాధ్యాయుల జాతీయ మండలి, పాఠశాల గణితానికి సమస్యా సాధనే కేంద్రం కావాలని ప్రకటించింది. అయితే పోల్యా సూచనలను వల్లె వేయించినంత మాత్రాన విద్యార్థులు మంచి సాధకులు కాలేదు. అలన్ షోన్‌ఫెల్డ్ 1985 నాటి గ్రంథంలో దీనిని చర్చించాడు. తేలికైన సమస్యను తీసుకోమనడం వంటి ఒక్కో సూచనలో నిజానికి అనేక ఉపాయాలు ఇమిడి ఉన్నాయని, వాటిని విడివిడిగా నేర్పాలని, ఏ దారి ఎప్పుడు వదలాలో కూడా విద్యార్థికి తెలియాలని ఆయన చూపాడు. ఆ ఏడాదే పోల్యా కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, 97వ ఏట మరణించాడు.