గుంటూరు వచ్చిన డాక్టరమ్మ – సిస్టర్ మేరీ గ్లౌరీ



మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఎవరికైనా జబ్బు ముదిరితే ఇంట్లో వినిపించే మొదటి మాట ‘వేలూరుకు తీసుకుపోదామా’ అనే. 1900లో అక్కడ వైద్యసేవ మొదలుపెట్టిన అమెరికా డాక్టరమ్మ ఐడా స్కడ్డర్ పేరు మన పెద్దలకు తెలిసిందే. కాని మన తెలుగునేలకే వచ్చి, మన కన్యస్త్రీల మఠంలో చేరి, 37 ఏళ్లు రోగులకు సేవచేసిన మరో విదేశీ డాక్టరమ్మను మన కుటుంబాల్లో ఎందరు ఎరుగుదురు? ఆమే డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ.

మేరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బిర్రెగర్రా అనే ఊళ్లో జన్మించారు. పెరిగింది వాచెమ్ అనే చిన్న పల్లెలో. ఆడపిల్లలు డాక్టరు చదువు చదవడం అరుదైన ఆ రోజుల్లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో చేరి, 1910లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. న్యూజీలాండులో కొంతకాలం పనిచేసి, తిరిగి మెల్బోర్న్ చేరి, కంటి ఆసుపత్రిలో సేవచేస్తూ, నగరంలో పేరున్న కాలిన్స్ వీధిలో సొంత ప్రాక్టీసు కూడా పెట్టారు. మంచి పేరు, మంచి రాబడి. కన్నవారికి ఇంకేం కావాలి?

1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. అది స్కాట్లాండుకు చెందిన డాక్టర్ ఆగ్నెస్ మెక్లారెన్ జీవితం. ఆ రోజుల్లో మన దేశంలో గోషా పాటించే స్త్రీలు మగ డాక్టరు చేత చెయ్యి పట్టించుకొనేవారు కాదు. కాన్పు కష్టమైతే ఇంట్లోనే ప్రాణం వదిలేవారు. వారికోసం రావల్పిండిలో ఆసుపత్రి పెట్టించిన మెక్లారెన్, కన్యస్త్రీలు వైద్యం చేయడానికి అనుమతి కావాలని రోము నగరానికి మాటిమాటికీ వెళ్లి వేడుకొన్నారు. ఫలితం చూడకుండానే 1913లో కన్నుమూశారు. ఆ కథ చదివిన మేరీ, ఇది తనకు వచ్చిన పిలుపేనని గ్రహించారు.

ఆనాటి చిక్కు మనం అర్థం చేసుకోవాలి. తిరుసభ చట్టం ప్రకారం మఠవాసులు ప్రత్యేక అనుమతి లేకుండా వైద్యవృత్తి చేయకూడదు. డాక్టరుగా ఉండాలంటే మఠం వదులుకోవాలి, మఠం కావాలంటే వైద్యం వదులుకోవాలి. మేరీకి రెండూ కావాలి. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం సాగుతోంది, ప్రయాణానికి వీలులేదు. ఆ నిరీక్షణ కాలాన్ని ఆమె వృథా చేయలేదు. 1916లో ఏర్పడిన కతోలిక స్త్రీల సామాజిక సంఘానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. 1919లో ఎం.డి. పట్టా కూడా సంపాదించారు. కాన్పులు, స్త్రీల వ్యాధులు, కంటి జబ్బులు – మన దేశంలో ఏది అవసరమో అదే నేర్చుకున్నారు.

1920 జనవరిలో ఓడ ఎక్కి, గుంటూరు చేరి, ఏసు మరియ జోసఫ్ సభలో చేరారు. హాలండు దేశపు సిస్టర్లు 1904 నుండి గుంటూరులో సేవచేస్తున్నారు. జగద్గురువుల ప్రత్యేక అనుమతితో మేరీ కన్యస్త్రీగా ఉంటూనే డాక్టరుగా పనిచేయగలిగారు. మఠకన్యలందరికీ ఆ దారి తెరచుకొన్నది 1936లో మాత్రమే. అంటే పదహారేళ్ల ముందే ఆమె ఆ బాటలో నడిచారు.

గుంటూరులో ఉన్నది పెద్ద ఆసుపత్రి కాదు, చిన్న మందుల గది. ఎదుట బారులు తీరిన తల్లులు, పసిబిడ్డలు. ఇన్ని ప్రాణాలకు ఒక్క డాక్టరు ఏ మూలకు? అందుకే ఆమె చికిత్సతో ఆగలేదు. స్థానిక యువతులకు మందులు కలపడం, కాన్పులు చేయడం, రోగులను చూసుకోవడం నేర్పారు. పల్లెలకూ వెళ్లారు. మన నాటువైద్యాన్ని చిన్నచూపు చూడక, శ్రద్ధగా పరిశీలించి పనికొచ్చేవి వాడుకొన్నారు. ఆ మందుల గదే క్రమంగా సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిగా ఎదిగింది.

1943లో ఆమె పూనికతో దేశంలోని కతోలిక ఆసుపత్రుల సంఘం ఏర్పడింది. నేడు సికింద్రాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ఆ సంస్థకు తల్లి ఆమే. కతోలిక వైద్యకళాశాల కావాలని కూడా ఆమె కలగన్నారు. కాని 1957 మే 5న బెంగళూరులో క్యాన్సరుతో ప్రభువులో నిద్రించారు. అదే నగరంలో సెయింట్ జాన్స్ వైద్యకళాశాల 1963లో మొదలైంది. విత్తినది ఒకరు, కోత చూసినది మరొకరు. మెక్లారెన్‌కు జరిగినదే ఆమెకూ జరిగింది.

1920లో విడిచివచ్చిన స్వదేశాన్ని ఆమె మళ్లీ చూడలేదు. 2013లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

తల్లిదండ్రులారా, మన విచారణల నుండి ఎందరో బిడ్డలు నర్సింగు, ఫార్మసీ చదువుతున్నారు. మంచి జీతం, విదేశీ ఉద్యోగం కోరుకోవడం తప్పుకాదు. కాని మన కొండపల్లెల్లో నేటికీ కాన్పు నొప్పులతో ఆసుపత్రికి పరుగులు తీసే తల్లులున్నారు. మేరీ విదేశం నుండి మన దగ్గరకు వచ్చారు. మన బిడ్డ మన పక్క ఊరికైనా వెళ్తానంటే అడ్డుపడతామా? ఈ రాత్రి కుటుంబ జపమాల వేళ ఈ ప్రశ్న మనల్ని మనం అడుగుకొందాం.